మొదటి దారం ఎందుకు తెగింది

(నూలు వడకడం కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం శ్రీకాకుళంలో పెట్టిన తరగతిలో, తొలిరోజు మధ్యాహ్నం ఒక విశ్రాంత సైన్సు టీచరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని రాశాం.)

అందరి భోజనాలూ అయ్యాయా? వెనక వరసకి నా గొంతు వినిపిస్తోందా అమ్మా? సరే. ఫ్యాన్లు ఆపించినందుకు ఏమీ అనుకోవద్దు. ఉక్క పోస్తోందని నాకూ తెలుసు. బల్ల మీద ఏకులున్నాయి, అంటే వడకడానికి సిద్ధంగా చుట్టి పెట్టిన దూది చుట్టలు. ఏకులున్న గదిలో ఫ్యాను తిరిగితే పీచు లేచిపోతుంది. ఒక్క గంట ఓర్చుకోండి.

పొద్దున్న మీరంతా రాట్నం ముందు కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు తప్ప మిగతావాళ్ళందరికీ ఇదే మొదటిసారి. నేను మీ మధ్య తిరుగుతూ మీ దారం కన్నా మీ మాటల మీదే ఎక్కువ దృష్టి పెట్టాను. దారం తెగినప్పుడల్లా ఏమంటున్నారా అని విన్నాను. "నా చెయ్యి మొరటు." "నాకు ఓపిక లేదండీ." ఆ మూల కూర్చున్న అమ్మాయి, "మా నానమ్మకి వచ్చునంట, నాకా చెయ్యి రాలేదు" అంది. అన్నావు కదమ్మా? అందరూ అన్నారు. ఎవరి చేతిని వాళ్ళే తిట్టుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా చేతిలో ఉన్న దూదిని ఎత్తి చూసి, ఇదేం దూది, ఎక్కడిది, దీన్ని ఎవరు ఏకారు అని అడగలేదు.

ఈ గంటసేపు నేను మాట్లాడేది ఆ అడగని ప్రశ్న గురించే.

ముందు చిన్న పని చేద్దాం. మీ ముందున్న దూదిలోంచి చిటికెడు తీసుకోండి. రెండు చేతులతో రెండు వైపులా పట్టుకుని మెల్లగా లాగండి. ఏమైంది? విడిపోయింది. తెగింది అనకండి, విడిపోయింది. ఆ రెండు చివర్లూ చూడండి, ఒక్క పీచు కూడా తెగలేదు. ఒకదాని మీంచి ఒకటి జారి బయటికొచ్చాయి, అంతే. ఇప్పుడు ఇంకో చిటికెడు తీసుకోండి. ఈసారి లాగేముందు ఒక కొసని వేళ్ళతో ఒకే వైపుకి తిప్పండి. పది చుట్లు తిప్పండి. ఆఁ, ఇప్పుడు లాగండి. లాగండి గట్టిగా. రావడం లేదు కదా? దూది అదే, బలమూ మీదే. మధ్యలో వచ్చిందల్లా పురి. పురి ఎక్కగానే పీచులు ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుంటాయి, జారవు. మనం లాగేకొద్దీ ఆ నొక్కుడు ఇంకా పెరుగుతుంది. ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం చెప్పినప్పుడు ప్రతి ఏడూ పిల్లల చేత ఇదే చేయించేదాన్ని.

మన నాటు పత్తిలో ఒక్కో పీచు అంగుళం కూడా ఉండదు. అంగుళం లేని పీచుతో మైళ్ళ పొడుగు దారం తీస్తున్నారు. మధ్యలో జిగురు లేదు, ముడి లేదు, ఉన్నది పురి ఒక్కటే. ఆలోచించండి, ఇది ఎంత గొప్ప విషయం! ఎవరు కనిపెట్టారో పేరు లేదు. మన ఇళ్ళలో కార్తీకమాసం వస్తే పెద్దవాళ్ళు దూది తీసుకుని, అరచేతికింత విభూది రాసుకుని వత్తులు చేస్తారు చూడండి, లక్షవత్తుల నోముకని వేలకి వేలు చేస్తారు. వాళ్ళు చేసేదీ పురి పెట్టడమే. అంటే ఈ గదిలో ఉన్న ఆడవాళ్ళలో సగం మందికి ఈ విద్య ఓనమాలు వచ్చినట్టే. పొద్దున్న "నాకు రాదు" అన్నవాళ్ళలో వత్తులు చేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి. చూశారా!

సరే, ఇప్పుడు రాట్నం దగ్గరికొద్దాం. రాట్నం ఏం చేస్తుంది? మీ వేళ్ళు పది చుట్లు తిప్పిన చోట అది వందల చుట్లు తిప్పుతుంది. పెద్ద చక్రం, సన్న కదురు (అంటే దారాన్ని తిప్పే మొనదేలిన కడ్డీ), మధ్యలో తాడు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే కదురు యాభై అరవై చుట్లు తిరుగుతుంది, కొన్ని రాట్నాల్లో ఇంకా ఎక్కువే. ఇక్కడ కొత్తవాళ్ళు తికమకపడే విషయం ఒకటుంది, అది విప్పి చెప్తాను. కదురు తిరుగుతుంటే దారం ఒకసారి పురి ఎక్కుతుంది, ఒకసారి కదురుకి చుట్టుకుంటుంది. రెండూ ఒకే కదురుతో, ఒకే వైపు తిప్పుతూ! మరి ఎప్పుడు ఏది జరగాలో ఎవరు చెప్తారు? మీ ఎడమ చెయ్యి ఉన్న చోటు చెప్తుంది. మీ చెయ్యి కదురు మొనకి ఎదురుగా, కాస్త ఏటవాలుగా ఉందనుకోండి, కదురు తిరిగిన ప్రతిసారీ దారం మొన మీంచి జారిపోతుంది. జారిన ప్రతిసారీ ఒక పురి ఎక్కుతుంది. అదే చెయ్యి పక్కకి తెచ్చి, దారం కదురుకి అడ్డంగా ఉండేలా పట్టుకుంటే ఇక జారదు, చుట్టుకుంటుంది. అంతే కిటుకు. పొద్దున్న చాలామందికి దారం లాగుతుండగానే కదురుకి చుట్టుకుపోయింది. చెయ్యి పక్కకి జరిగింది కాబట్టి చుట్టుకుంది. బారెడు దారం తీశాక చక్రాన్ని కొంచెం వెనక్కి తిప్పి మొన మీదున్న చుట్లు విప్పాలి, చెయ్యి పైకెత్తాలి, అప్పుడు ముందుకి తిప్పి కండెకి, అంటే కదురు మీద పోగయ్యే దారపు చుట్టకి, చుట్టాలి. ఈ వెనక్కి తిప్పడం మర్చిపోతే దారం మొన దగ్గరే చిక్కుబడిపోతుంది. ఇదంతా చేతికి రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది. దాని గురించి దిగులు అక్కర్లేదు. ఇక్కడితో ఈ సంగతి వదిలేస్తున్నాను, ఎందుకంటే అసలు విషయం ఇది కాదు.

ఇది పొద్దున్న మీలో ఒకరు తీసిన దారం. పేరు చెప్పను. కిటికీ దగ్గర పట్టుకుంటాను, వెలుగులో చూడండి. ఇక్కడ చీపురుపుల్లంత లావు, పక్కనే వెంట్రుకంత సన్నం, మళ్ళీ లావు. ఎక్కడ తెగి ఉంటుంది? సన్నగా ఉన్నచోట అంటున్నారు. సరిగ్గా చూడండి. లావు బుడిపె పక్కనే తెగింది. ఎందుకు? పురికి ఒక గుణముంది. అది సన్నటి చోటికే ముందు పరిగెడుతుంది. లావుగా ఉన్నచోట తిరగడం దానికి కష్టం, అక్కడికి పోదు. కాబట్టి సన్నటి చోట పురి మితిమీరిపోయి మెలిపడి తెగుతుంది. లావు చోట పురి చాలక పీచులు జారి విడిపోతాయి. ఒకే దారంలో రెండు రోగాలు. తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, లావుగా ఉన్నచోట ఇంకా పురి ఎక్కలేదు కాబట్టి అక్కడ పట్టుకుని మెల్లగా సాగదీస్తారు. సాగి సన్నబడగానే పురి దానంతటదే వచ్చి చేరుతుంది. దారం సమమవుతుంది.

మరి సాగదీసినా సాగని బుడిపెలుంటాయి. వేలితో ముట్టుకుంటే గట్టిగా, చిన్న ఉండలాగా తగులుతుంది. అది ఎంత లాగినా సాగదు. దాన్ని ఏ చెయ్యీ ఏమీ చెయ్యలేదు. ఎందుకంటే అది ఏకులోనే ఉంది.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. పొద్దున్న మొదటి గంట మీకిచ్చిన ఏకులూ, రెండో గంట ఇచ్చినవీ ఒకటి కావు. ముందే చెప్తే మీ చూపు మారిపోతుందని చెప్పలేదు. మొదటి గంట ఇచ్చినవి మందుల షాపులో దొరికే దూది చుట్ట తెచ్చి, దాన్ని విప్పి, పుల్ల మీద చుట్టి చేసినవి. చూడ్డానికి తెల్లగా, మెత్తగా, ఎంతో శుభ్రంగా ఉన్నాయి కదా! రెండోవి పొందూరులో చేత్తో తయారైనవి. రంగు కొంచెం మాసినట్టుగా, మీగడ రంగులో ఉన్నాయి. మీలో ఒకాయన వాటిని చూసి "ఇవి పాతవా టీచర్ గారూ?" అని అడిగారు కూడా.

రెండో గంటలో ఏమైంది? మీరే చెప్పండి. దారం తెగడం ఎంత తగ్గింది? కొందరికి బారెడు దారం వచ్చింది. "అబ్బ, చెయ్యి తిరిగింది" అనుకున్నారు. అప్పుడు మన లెక్కల మాస్టారు చాలా మంచి ప్రశ్న వేశారు. గంటసేపు చేశాం కాబట్టి అలవాటై ఉండొచ్చు కదా, ఏకు వల్లే అని ఎలా అంటారు అని. సైన్సు చెప్పినదాన్ని, ఆ ప్రశ్నకి ఎంత సంతోషించానో! అందుకే చివరి పావుగంట మళ్ళీ మొదటి ఏకులే పంచాను. ఏమైంది? మళ్ళీ పటపటా తెగింది. అదే చెయ్యి, రెండు గంటల అలవాటు పడ్డ చెయ్యి. మరి దాన్నెందుకు తిట్టుకున్నారు?

మందుల షాపు దూదిలో ఏముంది తేడా? దాన్ని గాయాలు తుడవడానికి చేస్తారు, తడిని పీల్చుకోవాలి. పత్తి పీచు మీద పుట్టుకతోనే సన్నటి మైనం పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతకాలం నీళ్ళు పీల్చదు. అందుకని రసాయనాలతో ఉడికించి ఆ మైనమంతా తీసేస్తారు, తెల్లబరుస్తారు. మనకేమో ఆ మైనమే కావాలి. ఆ పొర ఉంటేనే పీచులు ఒకదాని పక్కన ఒకటి నునుపుగా జరుగుతాయి. అది పోతే బిరుసెక్కి ఒకదాన్నొకటి పీక్కుంటాయి. పైగా ఆ దూదిలో పొట్టి పీచులెక్కువ, చిక్కులెక్కువ, ఉండలెక్కువ. దాంతో మంచి దారం తియ్యమంటే ఏళ్ళ తరబడి వడికినవాళ్ళ ముఖం కూడా చిన్నబోతుంది.

ఇక పొందూరు ఏకు సంగతి. ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

మన జిల్లాలోనే ఉంది పొందూరు. రైల్లో శ్రీకాకుళం రోడ్డు నుంచి విజయనగరం వైపు వెళ్తుంటే దారిలో స్టేషను. మీలో చాలామంది అక్కడి పంచెలు, చీరలు చూసే ఉంటారు. కొన్నవాళ్ళూ ఉంటారు. వడికే చోటు చూసినవాళ్ళు ఎంతమంది? ఇద్దరు. మన ఊరి పేరుని తెల్లవాళ్ళు చికాకోల్ అని రాసుకున్న కాలంలో చికాకోల్ మస్లిన్లకి పెద్ద పేరు. ఆ సన్న నూలు చెయ్యి ఇప్పటికీ మిగిలిన చోటు పొందూరు. 1949 నుంచి అక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది. వడికేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే, అందులోనూ పెద్ద వయసువాళ్ళు.

అక్కడ పత్తి ఎలా మొదలవుతుందంటే, గింజతో మొదలవుతుంది. కొండపత్తి, ఎర్రపత్తి లాంటి నాటు రకాలు. గింజ తియ్యకముందే, గింజకి అంటుకుని ఉన్న పీచుని దువ్వుతారు. దేంతో దువ్వుతారు? వాలుగ చేప దవడతో! నవ్వకండి, నిజం. వాలుగ చేప తెలుసు కదా, మీసాలుండే పెద్ద చేప, చెరువుల్లో, నదుల్లో దొరుకుతుంది. దాని దవడ నిండా సన్నటి పళ్ళు ఒత్తుగా, వరసలు వరసలుగా ఉంటాయి. ఆ దవడ ఎముకని ఎండబెట్టి, చేత్తో పట్టుకుని, ఒక్కో గింజ మీద పీచుని దువ్వుతారు. ఒక్కో గింజ! గుప్పెడు పత్తిలో ఎన్ని గింజలుంటాయో ఊహించుకోండి. ఆ దువ్వడంలో ఎండుటాకు ముక్కలు, నలుసులు, పొట్టి పీచు అన్నీ రాలిపోతాయి. మిగిలిన పీచు ఒక వైపుకి తిరిగి నిలబడుతుంది. ఇనుప దువ్వెన వాడొచ్చు కదా అని నేనూ అడిగాను. ఇనుము పీచుని కోసేస్తుంది, చేప పన్ను కోయదు అన్నారు. చేతిలోకి తీసుకుని చూస్తే తెలుస్తుంది, అది గట్టిగా ఉంటూనే నునుపుగా ఉంటుంది.

చిక్కు తియ్యకుండా జడ వేస్తామా? ఇదీ అంతే. ముందు చిక్కు తీసినవాళ్ళ పుణ్యమే ఆ తర్వాత వచ్చే నునుపంతా.

దువ్వాక గింజ తీస్తారు. చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీని దొర్లిస్తే గింజ ఒకవైపు పడుతుంది, పీచు మరోవైపు ఉండిపోతుంది. మిల్లులో వేస్తే నిమిషాల్లో అయిపోయే పని ఇది. కానీ ఆ వేగానికి పీచు నలుగుతుంది, తెగుతుంది, ఇందాక చెప్పిన ఉండలు పుడతాయి. తర్వాత చిన్న విల్లుతో ఏకుతారు. విల్లు నారి టింగుమని మోగుతుంటే పీచు పొంగి పొగలా తేలుతుంది. ఆ పొంగిన దూదిని పుల్ల మీద చుట్టి, పుల్ల తీసేస్తే ఏకు. ఆ ఏకుల్ని ఎండిన అరటి డొప్పలో పెట్టుకుంటారు. వడికేటప్పుడు చేతి చెమట, మురికి తగలకుండా కూడా ఆ డొప్పతోనే పట్టుకుంటారు. ఇంతా అయ్యాకే రాట్నం ముందుకొస్తుంది.

నాకు వడకడం చూపించిన పెద్దావిడ పొందూరులోనే ఉండేవారు. మొదట్లో నేను రాట్నం మీదే దృష్టి పెట్టేదాన్ని. చక్రం బిగుతు చూసుకోవడం, కదురు వంపు చూసుకోవడం, చెయ్యి ఎంత ఎత్తులో ఉందో చూసుకోవడం. ఆవిడ కాసేపు చూసి, "దారంతో తగువేటమ్మా నీకు? ఏకు మంచిదైతే దారం అదే వొస్తాది" అన్నారు. ఆ మాటని నేను సైన్సు ప్రకారం కూడా ఒప్పుకుంటాను. పీచులన్నీ ఒకే వైపుకి తిరిగి, ఒకే ఒత్తుగా ఉంటే మీరు చెయ్యి వెనక్కి లాగినప్పుడు ప్రతి క్షణం దాదాపు అన్నే పీచులు బయటికొస్తాయి. దారం సమంగా ఉండడానికి మూలం అక్కడుంది. మీ చెయ్యి చెయ్యాల్సింది దాన్ని చెడగొట్టకపోవడమే.

ఇది ఈ ఊరి సంగతే కాదు. గాంధీగారి అనుభవం చెప్తాను. ఆయన 1909లోనే రాట్నం గురించి రాశారు. అప్పటికి రాట్నాన్ని చూసిన గుర్తు కూడా తనకి లేదని ఆత్మకథలో తనే చెప్పుకున్నారు. సబర్మతి ఆశ్రమంలో మొదట మగ్గాలు పెట్టారు, నూలు మాత్రం మిల్లుల నుంచి వచ్చేది. రాట్నం కోసం వెతకగా వెతకగా, గంగాబెన్ మజుందార్ అనే ఆవిడ బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో కనిపెట్టారు. అటకల మీద పడి ఉన్నాయట రాట్నాలు. సరే, రాట్నం దొరికింది. వడికేవాళ్ళూ దొరికారు. ఇక అయిపోయినట్టేనా? కాదు! వాళ్ళు ఏమన్నారు? మాకు ఏకులు తెచ్చివ్వండి, నూలు కొనండి, మళ్ళీ వడుకుతాం అన్నారు. రాట్నం ఉంది, చెయ్యి ఉంది, ఏకు లేదు. అప్పుడు బొంబాయిలో ఉమర్ సోబానీ తన మిల్లు నుంచి ఏకులు పంపారు. కొన్నాళ్ళకి గాంధీగారికి అది నచ్చలేదు. ఏకులు మిల్లువి తీసుకుంటే నూలే మిల్లుది తీసుకోవచ్చు కదా, పూర్వం వాళ్ళకి ఏకులు ఎవరు చేసిచ్చేవారు అని ఆలోచించి, ఏకేవాళ్ళని వెతకమని మళ్ళీ గంగాబెన్‌కే చెప్పారు. ఆవిడ ఒక దూదేకులాయన్ని పట్టుకున్నారు. ఆయన నెలకి 35 రూపాయలు అడిగారు. ఆ రోజుల్లో 35 రూపాయలంటే ఎంతో ఆలోచించండి. గాంధీగారు అది ఎక్కువనుకోలేదు. ఇచ్చారు. ఆవిడ కొందరు కుర్రాళ్ళకి ఏకులు చుట్టడం నేర్పించారు. అప్పుడు గానీ పని నడవలేదు.

రాట్నం బొమ్మ మనకి ఎక్కడ చూసినా కనిపిస్తుంది. జెండా మీద ఉండేది, ఆఫీసు గోడల మీద ఉంటుంది. ఆ దూదేకులాయన బొమ్మ ఎక్కడైనా చూశారా? చేప దవడ పట్టుకున్న అమ్మ బొమ్మ చూశారా? నాకు బాధ కలిగించేది ఇదే. కంటికి అందంగా కనిపించే పనికి పేరు వచ్చింది. నడుం వంచి, కళ్ళు చిట్లించి, ఒక్కో గింజా దువ్వే పనికి పేరే లేకుండా పోయింది. ఖద్దరు కొట్లో చీర చూసి "ఇంత ధరా?" అంటాం. ఆ ధరలో వడికిన చేతికి ఎంత, దువ్విన చేతికి ఎంత, ఏకిన చేతికి ఎంత అని అడుగుతామా? ఇకమీదట అడగండి. మీరు పొద్దున్న వడికి చూశారు కాబట్టి అడిగే హక్కు మీకుంది.

ధర మాట వచ్చింది కాబట్టి బోర్డు మీద ఒక లెక్క వేద్దాం. మాస్టారూ, తప్పుంటే సరిచెయ్యండి. నూలు సన్నదనాన్ని కౌంటుతో చెప్తారు. 840 గజాల నూలు ఒక చిలప అనుకుంటే, పౌను బరువుకి ఎన్ని చిలపలు తూగితే అంత కౌంటు. వంద చిలపలు తూగితే వంద కౌంటు. అంటే ఒక్క గ్రాము దూదికి దాదాపు 170 మీటర్ల దారం! పొందూరు సన్న ఖద్దరుకి పేరు తెచ్చింది ఈ వంద కౌంటు నూలే. మీరు పొద్దున్న తీసింది, నా అంచనా ప్రకారం, ఆరు నుంచి పది కౌంటు మధ్య ఉంటుంది. ఇరవై కౌంటుకి వస్తే గ్రాముకి 34 మీటర్లు.

ఇప్పుడు వంద కౌంటు చీర. 45 అంగుళాల పన్నా, అయిదున్నర మీటర్ల పొడుగు. అంగుళానికి పడుగు, అంటే నిలువు దారం, 80 పోగులు, పేక, అంటే అడ్డ దారం, 80 పోగులు అనుకుందాం. పడుగు 3,600 పోగులు. ఒక్కోటి వృథాతో కలిపి ఆరు మీటర్లు. 21,600 మీటర్లు అయిందా? పేకకి 17 వేల పైచిలుకు పోగులు, ఒక్కోటి మీటరు పైన. అది దాదాపు 20 వేల మీటర్లు. మొత్తం ఎంత? 41 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి పొందూరు వెళ్ళి తిరిగొచ్చేంత దూరం, దాదాపు. దాని బరువు? 240 గ్రాములు. గంటకి 300 మీటర్లు ఆగకుండా తీసే చెయ్యి అనుకున్నా, వడకడానికే 130 గంటలు దాటిపోతుంది. ఇందులో దువ్వడం లేదు, గింజ తియ్యడం లేదు, ఏకడం లేదు, నెయ్యడం లేదు.

పురి లెక్క కూడా చూడండి. సన్న దారానికి పురి ఎక్కువ కావాలి. ఇరవై కౌంటుకి అంగుళానికి 18 చుట్లు చాలు. వంద కౌంటుకి 40 కావాలి. గజం దారానికి 1,440 చుట్లు. సన్న నూలు తీస్తున్నవాళ్ళు చక్రం నిదానంగా తిప్పుతున్నట్టు కనిపిస్తే అది చూసి మోసపోకండి, గజానికి పాతిక చుట్ల చక్రం వాళ్ళు తిప్పి తీరాలి.

1924లో బెళగావి కాంగ్రెస్‌లో ఒక నియమం పెట్టారు. గాంధీగారు అధ్యక్షత వహించిన సభ అది. సభ్యులు నెలకి 2,000 గజాల నూలు ఇవ్వాలి. ఇరవై కౌంటుదైతే 54 గ్రాముల దూది. ఇవాళ మీకు ఆ 2,000 గజాలంటే ఏమిటో చేతితో తెలుసు. మరుసటి ఏడే ఆ నియమం సడలించాల్సి వచ్చింది, 1925లో అఖిల భారత చరఖా సంఘం వేరుగా ఏర్పడింది.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్నలు. ఏ రాట్నం కొనాలి అని చాలామంది రాసిచ్చారు. పెట్టె చరఖా చాలు. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, ఇంట్లో జాగా తక్కువున్నవాళ్ళకి అదే మంచిది. అంబర్ చరఖాకి అనేక కదుర్లుంటాయి, దాని ఏకు వేరు, తయారీ వేరు, మొదట అది వద్దు. డబ్బు పెట్టలేమనుకుంటే తకిలి చాలు. సన్న కడ్డీ, కింద చిన్న బిళ్ళ, అంతే. మన పెద్దవాళ్ళు బళ్ళో తకిలితో వడికారు. జంధ్యాల కోసం ఇప్పటికీ తకిలితో వడికే ఇళ్ళున్నాయి.

ఏ కౌంటు తియ్యాలి? పది పన్నెండు తియ్యండి, సమంగా వస్తే పదిహేను, ఇరవై. వంద గురించి ఇప్పుడు ఆలోచించొద్దు, టెన్షన్ పడొద్దు. తెగిన చోట ఎలా అతకాలి? ముడి వెయ్యకండి. దారం కొసని రెండంగుళాలు ఏకు పీచు మీద పరిచి, వేలితో తేలిగ్గా పట్టుకుని చక్రం తిప్పండి, పురి రెండింటినీ కలిపేస్తుంది. ఏ వేళప్పుడు వడకాలి? తెల్లవారుజామున. గాలిలో తేమ ఉంటే పత్తి పీచుకి బలం ఎక్కువ. వైశాఖం మిట్టమధ్యాహ్నం పీచు ఎండి, రేగి, ఊరికే తెగుతుంది. మనకి సముద్రపు గాలి ఉంది కాబట్టి మిగతా కాలాల్లో ఇబ్బంది లేదు. కదురు ఆనే చోట ఒక చుక్క నూనె వెయ్యండి. కదురు వంగితే మాత్రం నూనె ఏమీ చెయ్యదు, అది సరిచేయించుకోవాలి. పిల్లలున్న ఇళ్ళలో కదురు మొన జాగ్రత్త.

వత్తులు చేసే అమ్మ ఒకరు అడిగారు, ఈ లావు దారం పారెయ్యాలా అని. ఎందుకు పారేస్తారు? రెండు పేటలు కలిపి పేనండి, గట్టి తాడవుతుంది. పూలు కట్టుకోండి.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికీ పొందూరు ఏకులు ఇస్తాను. అరటి డొప్పల్లో చుట్టి పెట్టాం. ప్లాస్టిక్ కవర్లో వెయ్యకండి, చెమ్మ పడుతుంది. మందుల షాపు దూది మాత్రం మళ్ళీ కొనకండి, దానితో వడికి చెయ్యి చెడగొట్టుకోవద్దు.

వచ్చే ఆదివారం రాట్నాలు బయటికి తియ్యం. గింజలున్న పత్తి తెప్పిస్తున్నాను. వాలుగ దవడలు నాలుగైదు అడిగి తెస్తాను, వంతులవారీగా వాడుకుందాం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా దువ్వడమే పని. ఆ పూట ఎంత పత్తి దువ్వామో తూకం వేసి చూద్దాం, దాంతో ఎన్ని మీటర్ల దారం వస్తుందో మాస్టారు లెక్క కట్టి చెప్తారు. పత్తి దుమ్ము పడనివాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని రండి. ఒళ్ళో పరుచుకోడానికి ముదురు రంగు పాత గుడ్డ ఒకటి అందరూ తెచ్చుకోండి, తెల్లటి పీచు దాని మీద బాగా కనిపిస్తుంది.